మూడో తాళంచెవి

3 నవంబర్ 2025, సోమవారం. ఆళ్లగడ్డ

మూడు కాదు ఆదినారాయణా, రెండు. నువ్వు ఫోన్ పెట్టేశావు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

నంద్యాల ఇల్లు ఖాళీ చేసి పది రోజులైంది. అడ్వాన్సులో పదకొండు వేలు పట్టుకుంటాడట పాత ఓనరు ఆదినారాయణ. పెయింటుకు ఇంత, మేకుల బెజ్జాలకు ఇంత. మూడో తాళంచెవి తిరిగివ్వలేదని కొత్త లాక్ ఖర్చు కూడా. మేకులు కొట్టాం, ఒప్పుకుంటాను. గోడలు నేను చేరేనాటికే నాకంటే వెలిసిపోయి ఉన్నాయి. మూడో తాళంచెవి మాత్రం పచ్చి అబద్ధం.

పోనీలే అవ్వా, ఆ దుడ్లు లేకుంటే బతకలేమా అంటుంది హిమజ. నా మనవరాలికి ఇప్పుడు అన్నిటికీ పోనీలే. మొగుడి దగ్గర నేర్చుకున్న మాట.

5 నవంబర్, బుధవారం

దొరికింది! 2023 డైరీ, జూన్ తొమ్మిది. ఆదినారాయణ వచ్చి తాళంచెవులు రెండు ఇచ్చాడు, కాఫీ తాగి బాగుందని కూడా అనకుండా పోయాడు, అని నా చేతిరాతే.

ముప్పై రెండేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. పద్ధతిగా ఉత్తరం రాశాను. కుడివైపు పైన పూర్తి చిరునామా, తేదీ, కింద విషయం. చిరునామా రాయని పిల్లలకు రెండు మార్కులు కోసేదాన్ని. డైరీ పేజీ జెరాక్స్ జతచేసి స్పీడ్ పోస్టులో పంపాను. నడుం నొప్పి కూడా తగ్గినట్టుంది.

6 నవంబర్, గురువారం

పక్కనే విగ్రహాలు చెక్కే షెడ్డు. పొద్దంతా ఉలి చప్పుడు. ఆ చప్పుడు ఉన్నంతసేపే హిమజ వాకిలి తలుపు తెరిచి ఉంచుతుంది. మధ్యాహ్నం వాళ్లు అన్నానికి లేవగానే గడియ పెడుతుంది. ఆ గంటసేపు మేం టీవీ కూడా పెట్టం.

హిమజ మొగుడు మహేష్ పేరు ఈ ఇంట్లో పలకం. ఉగాది ముందురోజు ఆ పిల్ల చేతికి పిండికట్టుతో నా దగ్గరికొచ్చింది. అప్పట్నుంచి మా వీధి చివర బైకు ఆపుకుని నిలబడేవాడు. అందుకే ఊరు మారాం. ఎక్కడికని పాలవాడికి కూడా చెప్పలేదు. ఇంటి గొడవ వీధికెందుకని ఆదినారాయణకు, మొగుడి మీద హిమజ వేసిన కోర్టు కేసు సంగతి దాచి, మోకాళ్ల నొప్పులని చెప్పాను.

8 నవంబర్, శనివారం

జవాబు లేదు. సిగ్గుపడుతున్నాడేమో.

10 నవంబర్, సోమవారం. ఉదయం 11.20

ఆదినారాయణ ఫోన్ చేశాడు. గొంతులో తేనె.

నువ్వు చెప్పిందే నిజం టీచరమ్మా, నీకిచ్చింది రెండే అన్నాడు. మూడోది నా కాడే ఉండె, వినాయక చవితప్పుడు మీ మనవరాలి మొగుడొచ్చి అవ్వావాళ్లు యాడికో పోయినారు, లోపల నా బ్యాగుందంటే ఆయప్పకిచ్చినా, మళ్లా తేలేదు, మీ మనిషే కదా అని మీ లెక్కలోనే రాసినా అన్నాడు.

గెలిచాను.

చవితి నుంచి మేం ఖాళీ చేసేదాకా రెండు నెలలు. హిమజ దువ్వెన నా మంచం మీద కనపడేది. నా కళ్లజోడు డబ్బా ఫ్రిజ్ పైన. ఒకరోజు పెరటి తలుపు గడియ తీసి ఉంది. అన్నీ నా మతిమరుపే అనుకున్నాం. జ్ఞాపకశక్తికని హిమజ రోజూ బాదం పప్పు నానబెట్టి పెట్టింది. తిన్నాను కూడా.

ఇంకా ఉంది. నువ్వేం దిగులుపడొద్దమ్మా, నీ ఉత్తరం ఫోటో పొద్దున ఆయప్పకు పంపినా, అడ్రసు ముత్యాల మాదిరి రాసినావు, దుడ్లు ఆయప్ప చేతికే ఇచ్చి పంపుతా, బేగా అందుతాయి అన్నాడు.

ఎన్ని గంటలకు పంపినావని అడిగాను. పదికి అన్నాడు.

నంద్యాల నుంచి ఇక్కడికి బైకు మీద గంట.

అదే రోజు, సాయంత్రం 4.00

హిమజకు చెప్పాను. ఈసారి పోనీలే అనలేదు. నీళ్లు తాగి, చీర సర్దుకుని, స్టేషన్‌కు పోదాం పా అవ్వా అంది. హెడ్ కానిస్టేబుల్ ఫిర్యాదు రాసుకుని, వాని ఫోటో తీసుకుని, తలుపు తీయొద్దమ్మా, మనిషిని పంపుతామన్నాడు. చిరునామా అడిగితే నా నోట రాలేదు. హిమజ చెప్పింది.

వచ్చేటప్పుడు షెడ్డు మేస్త్రీని అడిగాను, మధ్యాహ్నం పని ఆపొద్దని. ఏందని అడగలేదు ఆ మనిషి. వంతులేసుకుని తింటాంలే, నువ్వు లోపలికి పో అవ్వా అన్నాడు. మధ్యాహ్నమంతా ఒక్క ఉలి చప్పుడైనా వినిపిస్తూనే ఉంది. ఎవరూ రాలేదు. పోస్టుమన్‌కు కూడా మేం తలుపు తీయలేదు.

11 నవంబర్, మంగళవారం. ఉదయం 6.10

ముగ్గు వేయడానికి తలుపు తీశాను. గడప మీద తాళంచెవి. నంద్యాల ఇంటిది.

హిమజను పిలిచి చెప్పాను: నేను దీని దగ్గరే కూర్చుంటాను. నువ్వు మేస్త్రీ భార్యను తోడు తీసుకుని స్టేషన్‌కు పో. దీన్ని ఎవరం ముట్టుకోలేదని చెప్పు. వచ్చేటప్పుడు హుస్సేన్ వలి కొట్లో లోపలి గడియ ఒకటి కొను, జానెడు పొడవుది, స్క్రూలతో సహా. తాళంచెవి లేని రకం.