బాబాయి ఒప్పుకున్నాడు

ఘాజియాబాద్, మంగళవారం

బేరియం తాగించి తీసిన ఎక్స్‌రేలో బాబాయి అన్నవాహిక ఒకచోట సన్నబడి కనిపించింది. అది క్యాన్సరో కాదో తేలాలంటే నోట్లోంచి గొట్టం దించి, చిన్న ముక్క తీసి పరీక్షించాలని డాక్టరు చెప్పారు. బాబాయి ససేమిరా అన్నాడు.

“కత్తి తగిలితే పాకుద్దిరా. ఫొటో వచ్చిందిగా, చాలు. మీ ఢిల్లీ రొట్టెలే నాకు దిగట్లేదు.”

అలా పాకదని డాక్టరు చెప్పినా వినలేదు.

సాయంత్రం మా ఆవిడ అన్నం మెత్తగా వండి పెరుగు కలిపి పెట్టింది. రెండో ముద్ద దగ్గరే ఆగిపోయి, నీళ్లు తాగి, రొమ్ము రుద్దుకుంటూ కూర్చున్నాడు. మేం చూడనట్టే ఉన్నాం.

“ఆ గొట్టం వేసేటప్పుడు మత్తిస్తారంట్రా?”

ఇస్తారన్నాను.

“అయితే రేపు పోదాం. మీ పిన్నికి మాత్రం చెప్పమాక.”

ఇందాక పిన్ని ఫోన్ చేసి, ఏం తిన్నాడని అడిగింది. పెరుగన్నం అన్నాను.