ఇరవై రెండో నంబరు పొట్లం

మార్చి 3, సోమవారం

రాయమ్మాయ్. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నువ్వు నా కోడలివి, నీ చదువు తెచ్చి ఇందులో కలపకు.

నేను తప్పు చెయ్యలేదు. మొదటి మాట అదే ఉండాలి.

చైనావాళ్ళ పార్సిల్ కొట్టులో పదకొండేళ్ళుగా పొట్లాలు కట్టేది నేనే. జనం మెనూ చూసి ఫోన్‌లో నంబర్ చెబుతారు. కౌంటర్‌లో చిన్నాయన ఆ నంబర్ చీటీ మీద రాస్తాడు. లోపల వాళ్ళ నాన్న, పెద్దాయన, అది వండి డబ్బా మూత మీద అదే అంకె వేస్తాడు. చీటీ అంకె, మూత అంకె ఒకటైతే నేను సంచిలో పెట్టి ముడేస్తాను. నాకు అక్షరాలు రావు. అంకెలొచ్చు. అంకెల్లో నన్ను మోసం చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు.

నిన్న మధ్యాహ్నం వెనక వీధి కుట్టుపని ఆవిడకి ఇరవై రెండు వెళ్ళింది. ఆవిడకి వేరుశనగ పడదు. రెండు ముద్దలు తినేసరికి మొహం ఉబ్బి, ఊపిరాడక హాస్పిటల్‌లో పడింది. చిన్నాయన చీటీ తీశాడు, ఇరవై రెండే ఉంది. శనివారం ఇంటింటికీ పంచిన కొత్త మెనూ తీశాడు, ఇరవై రెండులో వేరుశనగ లేదు. పెద్దాయనేమో తను ఇరవై రెండే వండానన్నాడు. ఇక మిగిలింది ఎవరు? నేను. పెద్దమ్మా, చదువు రాని మనిషికి ఈ పని అప్పగించడం మాదే బుద్ధితక్కువ, నువ్విక ఇంట్లో ఉండు అని అందరి ముందూ అనేశాడు.

పదకొండేళ్ళు కనబడని నా చదువు నిన్ననే కనబడిందా వాడి కళ్ళకి?

మార్చి 4, మంగళవారం

ఆవిడ ఇంకా ఐసీయూలోనే ఉందట. ఇవాళ ఏమీ చెప్పను.

మార్చి 5, బుధవారం, పొద్దున పది

నా చెయ్యే తప్పిందేమో. ఇది కూడా రాయి. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఆరు తొమ్మిదిలా కనబడకూడదని రూలేం లేదు.

కోడలు నా మొహం చూడలేక కొత్త మెనూ తెచ్చి పేర్లు చదవడం మొదలెట్టింది. ఇన్నేళ్ళలో నేను ఆ పేర్లు వినలేదు. నాకు అన్నీ అంకెలే.

సింహం తల అట. నేను ఇన్నాళ్ళూ సింహాల తలలు సంచిలో వేసి ముడేస్తున్నానన్నమాట. తీరా అందులో ఉండేవి మాంసం ఉండలు. బిచ్చగాడి కోడి అట, మెనూ మొత్తం మీద అన్నిటికన్నా ఖరీదు అదే. ఏ బిచ్చగాడు కొంటాడమ్మా అన్నాను. వాసనకి ఆగలేక సన్యాసి గోడ దూకాడని ఒక పులుసు. అంత నిగ్రహం లేనివాడు సన్యాసం ఎందుకు తీసుకున్నట్టు? మొగుడూపెళ్ళాల ఊపిరితిత్తుల ముక్కలట. మీ మామగారు బతికుండగా అది మనింట్లో రోజూ ఉడికేదే అన్నాను. కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. మచ్చల ముసలమ్మ పెరుగు అట. ఎవరి ముసలమ్మో పాపం, ఆవిడ మొహమ్మీది మచ్చలు ఊరంతా పంచిపెడతారా? నేనైతే కొట్టు మీదకే వెళ్ళి కూర్చునేదాన్ని.

నవ్వాను. అక్కడ ఆవిడ ఆక్సిజన్ మీద ఉంటే ఇక్కడ నేను నవ్వాను. సిగ్గేసింది.

చీమలు చెట్టెక్కడం అని ఇంకోటి చదివింది. చీమలేంటే, ఏం వేస్తారందులో అన్నాను. గాజు దారాల్లాంటి నూడుల్స్, వాటికి అంటుకున్న చిన్న చిన్న కీమా పలుకులు అని రాసి ఉందట. అది నాకు తెలిసిన డబ్బానే. ఇరవై మూడు కదా అన్నాను. కాదత్తయ్యా, ఇరవై రెండు అంది.

కాదే. ఇరవై రెండంటే వేరుశనగ పొడి కలిపిన నూడుల్స్, మూత తియ్యకముందే ముక్కు పట్టేస్తుంది. సింహం తల ఎన్నో నంబరు అన్నాను. ఎనిమిదట. నా చేతిలో అది తొమ్మిది. మచ్చల ముసలమ్మ పదకొండట. నా చేతిలో పన్నెండు.

అప్పుడడిగాను. ఆ కాయితంలో నాలుగుందా అని.

ఉందట.

ఆ కొట్టు మెనూలో నాలుగు ఎప్పుడూ లేదు. మూడు తర్వాత అయిదే. వాళ్ళ భాషలో నాలుగన్నా చావన్నా ఒకేలా వినబడతాయట, నాలుగు అచ్చిరాదు, చావుని ఇంటికి పిలిచినట్టు అంటాడు పెద్దాయన. పదకొండేళ్ళలో నాలుగు అన్న అంకె వేసిన మూత నేను ముట్టుకోలేదు.

చెప్పులెక్కడ పెట్టావే?

అదే రోజు, మధ్యాహ్నం మూడు

కొట్టుకెళ్ళి చూపిస్తే పెద్దాయన కొత్త కాయితం మీద వేలు పెట్టి మూడు దాకా వచ్చాడు. నాలుగు దగ్గర వేలు వెనక్కి లాక్కున్నాడు, పొయ్యి తగిలినట్టు. వంటగదిలో గోడ మీద పాత లిస్టే ఉంది. ఆయన దాన్నిబట్టే వండుతున్నాడు. జనం కొత్తదాన్నిబట్టి అడుగుతున్నారు.

ప్రింటింగ్ అతనికి ఫోన్ చేశారు. వరసలో ఒక అంకె జారిపోయింది, చూసుకోలేదేమోనని నాలుగు వేసి, కిందవన్నీ ఒక్కో అంకె జరిపి నేనే సరిచేశాను సార్ అన్నాడట. పైగా మెచ్చుకుంటారని ఆగాడు. మహానుభావుడు! చదువుకున్నవాడు కదా, సరిచెయ్యకుండా ఉండలేడు.

ఇంకో సంగతి. నేను ఇంట్లో కూర్చున్న ఈ మూడు రోజుల్లో పార్సిల్ తప్పు వచ్చిందని ఏడుగురు ఫోన్ చేశారట. ముడేసింది ఎవరు? చిన్నాయనే. ఏం అడిగారో జనానికే గుర్తుండదని సరిపెట్టుకున్నాడట. పెద్దమ్మా, తప్పయిపోయింది అన్నాడు తల దించుకుని. నాకు తర్వాత చెబుదువు గాని, ముందు ఆ కాయితాలన్నీ ఇంటింటికీ వెళ్ళి వెనక్కి తీసుకో, ఇంకో ప్రాణం మీదకి రాకముందే అన్నాను. ఏప్రన్ కూడా విప్పకుండా పరిగెత్తాడు.

పని రేపటి నుంచి రమ్మన్నారు. ఎల్లుండి వస్తానన్నాను. రేపు నాకు వేరే పనుంది.

మార్చి 6, గురువారం

ఆవిడని వార్డులోకి మార్చారు. మంచం మీద కూర్చుని మందార రంగు దారం వేలికి చుట్టుకుంటోంది. చేతులు ఊరికే ఉంచలేని మనిషి. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

నేను నోరు తెరిచేలోపే తనే అంది, ఫోన్‌లో నేనే నంబర్ తప్పు చెప్పానేమోనని నాలుగు రోజులుగా కుమిలిపోతున్నాను పిన్నీ, పాపం నీ ఉద్యోగం పోయిందట కదా అని. నేను మంచం పట్టెమీద కూలబడ్డాను. నువ్వూ తప్పు చెప్పలేదు, నేనూ తప్పు కట్టలేదు అన్నాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం. నర్సు వచ్చి కసిరింది.

చీమలు ఎలా ఉంటాయో చూద్దామని అడిగానంతే, పేరు భలేగా ఉందని అంది నేను వెళ్ళబోతుంటే. చీమలూ లేవు, చెట్టూ లేదు, ఇంటికొచ్చాక చారన్నం తిను అన్నాను.

మార్చి 7, శుక్రవారం

అత్తయ్య ఇవాళ ఏమీ చెప్పలేదు. తొమ్మిదైనా లేవలేదు. గురక వీధి గుమ్మం దాకా వినిపిస్తోంది. కొట్టు పదకొండుకి కదా, నేనూ లేపలేదు.