చల్లటి ప్లాస్మా, పాత కుక్కర్

చెల్లెమ్మా, నేను కులాసా. నువ్వు ఏడుపు ఆపి ఇది చదువు.

కుక్కర్ ఆవిరికి కాలిన చెయ్యి రెండు నెలలైనా మానలేదని ఆసుపత్రిలో చల్లటి ప్లాస్మా పెడుతున్నారు. నీ కోడలు చూపించిన వీడియోలో ముఖం మాడ్చింది బ్యూటీపార్లర్ వాళ్ల వేడి ప్లాస్మా పెన్ను. ఇది వేరు, రక్తంలో ఉండే ప్లాస్మా కూడా కాదు, కరెంటుతో వెలిగించిన చల్లటి వాయువు. పుండు మీద నీలి వెలుగు పడుతుంది, కాస్త చిమచిమలాడుతుంది, అంతే. డాక్టరమ్మ ముందు తన అరచేతి మీద పెట్టి చూపించింది. "ఇప్పటిదాకా పెద్ద ప్రమాదమేమీ కనబడలేదండీ. చాలా ఏళ్ల తర్వాత సంగతి మాత్రం మాకూ పూర్తిగా తెలీదు" అంది. దాచకుండా చెప్పింది కనుకే చెయ్యి చాపాను.

నర్సు నా చిటికెన వేలికున్న మీ వదిన ఉంగరం తియ్యమంది. అది మీ పిన్నిది, తియ్యనన్నాను. "లోహం మీదికి నిప్పురవ్వ దూకుతుంది బాబాయ్. పిన్నిగారే ఉంటే చెవి మెలిపెట్టి తీయించేవారు" అంది. నిజమే. తీశాను. మెషీన్ ఆపగానే మళ్లీ తొడుక్కున్నాను.

పుండు అంచులు దగ్గరపడుతున్నాయి. వైద్యం మధ్యలో ఆపను. నన్ను తీసుకెళ్లడానికి బావగారిని పంపకు, ఒంటరిగానే తిరిగొస్తారు. ఆయన మోకాలి నొప్పి తగ్గిందా?

మీ వదిన కుక్కర్‌కి గాస్కెట్ ఇక్కడ దొరకడం లేదు. ఐదు లీటర్లది, పాత మోడల్. అక్కడ దొరికితే పంపు. నా వంట నేనే చేసుకుంటాను. కొత్త కుక్కర్ కొనుక్కోమని మాత్రం రాయకు.

పిల్లలకు నా దీవెనలు.

అన్నయ్య