బీడీకట్ట, అగ్గిపెట్టె

మావా,

ఈరోజు నీ సంవత్సరీకం. నీకిష్టమైనవన్నీ ఫొటో ముందు పెట్టాం, బీడీలు తప్ప. నువ్వు బోటు మీద జారిపడితే తలకు దెబ్బ తగిలింది, ఆసుపత్రిలో ఊపిరి మిషను పెట్టారు. తీరా నువ్వు పోయింది ఊపిరితిత్తుల్లో చీము పట్టి. ఏడాదిగా నీ బీడీలనే తిడుతున్నాను.

పొద్దున చేపలకు పొట్ట తీస్తుంటే, నర్సు ట్రైనింగులో ఉన్న మన పెద్దమ్మాయి చెప్పింది.

"అమ్మా, మిషను మీదున్నోళ్లకి కడుపులో ఉండే సూక్ష్మక్రిములు గొంతుకెక్కి, ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి దిగిపోతాయంట."

"అయితే మీ అయ్యకి బీడీల వల్ల కాదేటి?"

"ఏటో, నాకూ తెల్దమ్మా."

చేపకి కుళ్లు పొట్టలోనే మొదలవుతుందని నాకు తెలుసు. మనిషి సంగతే అర్థం కావడం లేదు.

చివరికి బీడీకట్ట తెప్పించి నీ ముందు పెట్టాను. అగ్గిపెట్టె మాత్రం ఇంకా నా చేతిలోనే ఉంది.