ఓడించని వియ్యంకుడు

7 ఏప్రిల్ 2019, ఆదివారం

నిన్న ఉగాదికి రాలేకపోయిన వియ్యంకుడు జయరామయ్యగారు ఈరోజు భోజనానికి వచ్చారు. ఊరి శివార్లలో యరమరస్‌లో ఇల్లు కట్టుకున్నాక ఆదివారాలు కూతుర్ని, మనవరాలిని చూడటానికి రావడం ఆయనకు అలవాటు. శక్తినగర్ పవర్ ప్లాంటు కంట్రోల్ రూములో షిఫ్టు ఇన్‌చార్జిగా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ, మర్యాద ఎక్కువ.

భోజనాలయ్యాక మనవరాలు మేఘ హాల్లో చెస్ బోర్డు పరిచింది. నాకూ వచ్చు అన్నాను. కొడుకు, కోడలు, మనవరాలు ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను బి.ఎస్సీ. లెక్కలు చదివానని, గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, మా ఆడత్ కమీషన్ దుకాణం పద్దులు చాలా ఏళ్లు నేనే రాశానని వాళ్లకు తెలుసు. చదరంగం సంగతి తెలియదు. చిన్నప్పుడు మా నాన్న నేర్పాడు. చెప్పే సందర్భం రాలేదు.

జయరామయ్యగారితో ఆడాను. గెలిచాను. మధ్యలో నా రాజు చిక్కుల్లో పడితే గుర్రంలా ఒక్క గంతు వేయించి బయట పడేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, బాగుందండీ చెల్లెమ్మగారూ అన్నారు.

చాలా సంతోషంగా ఉంది. ఈ వయసులో ఇంత అవసరం లేదు, కానీ ఉంది.

8 ఏప్రిల్

మేఘ స్కూలు నుంచి వచ్చి సంచీ కూడా దించకుండా, అవ్వా, నిన్న తాతయ్య ముందు అడగలేక ఊకున్న, రాజు గట్ల ఎగురుతడా, అది ఇల్లీగల్ మూవ్ కదా అంది.

మా నాన్న ఆటలో ఎగురుతాడు. ఎదుటివాడు షా, అంటే చెక్, చెప్పకముందు, ఆట మొత్తంలో ఒక్కసారి, రాజుకు గుర్రం గంతు ఉంది. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. దుకాణం అరుగు మీద నాన్న, ఆయన దక్కనీ స్నేహితులు అలాగే ఆడేవారు. ప్రపంచమంతా అలాగే ఆడుతుందనుకున్నాను.

మేఘ కోచింగ్ పుస్తకం తెచ్చింది. ఇంగ్లీషు. నియమాల చాప్టర్ మొత్తం చదివాను. ప్రపంచంలో రాజు ఎగరడు. దానికి బదులు రాజును ఏనుగు చాటున దాచే కాస్లింగ్ అని వేరే ఉంది.

అంటే నిన్నటి గెలుపు చెల్లదు. కొట్టేశాను.

జయరామయ్యగారికి ఫోన్ చేసి, ఎందుకు చెప్పలేదని అడిగాను. మీ ఇంటి పద్ధతేమో అనుకున్నానండీ అన్నారు. ఇకనుంచి పుస్తకం పద్ధతే అని చెప్పి పెట్టేశాను.

12 ఏప్రిల్, పొద్దున 7.20

పద్దులు ఇప్పుడు మా అబ్బాయి విజయకుమార్ కంప్యూటర్లో రాస్తున్నాడు. నా పొద్దులు ఖాళీ. టైంటేబుల్ వేసుకున్నాను. స్నానం, దీపం, తర్వాత గంటసేపు టాక్టిక్స్. మధ్యాహ్నం ఓపెనింగ్స్. జవాబుల పేజీలకు క్లిప్పు పెట్టి మూసేశాను, కన్ను అటు పోకుండా.

ఈరోజు ఫోర్క్. ఒక గుర్రం ఒకేసారి రాజునూ ఏనుగునూ బెదిరిస్తుంది. రాజు తప్పుకోక తప్పదు, ఏనుగు పోక తప్పదు. ఇంత శుభ్రమైన విషయం చదివి చాలా కాలమైంది.

కుక్కర్ ఎన్ని విజిళ్లు వేసిందని అహల్య వచ్చి అడిగింది. చెప్పలేకపోయాను. కోడలు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

18 ఏప్రిల్

ఇటాలియన్ ఓపెనింగ్ నేర్చుకుంటున్నాను. రాజు ముందున్న బంటు, గుర్రం, ఒంటె, ఆ వరసలో బయటికి రావాలి. మంత్రిని తొందరపడి బయటికి తీయకూడదు. ఇవన్నీ నాకు నచ్చే నియమాలు.

మేఘ ఒక బంటును ముట్టుకుని వదిలేసింది. ముట్టుకున్నది ఆడాల్సిందే అన్నాను. అవ్వా, ఇది ఇల్లు, టోర్నమెంట్ కాదు అంది. ఇంట్లోనే అలవాటు కావాలి అన్నాను. ఆ బంటు జరిపి ఓడిపోయింది. ఏడవలేదు. మంచి పిల్ల.

21 ఏప్రిల్, ఆదివారం

జయరామయ్యగారి మీద గెలిచాను. ఫోర్క్‌తో. పుస్తకంలోదే, ఉన్నదున్నట్టు.

28 ఏప్రిల్, ఆదివారం

మళ్ళీ గెలిచాను.

5 మే, ఆదివారం

గెలిచాను. ఇవి కొట్టేయనవసరం లేని గెలుపులు.

9 మే, సాయంత్రం

ఎండ మండిపోతోంది. పొద్దున్నుంచి నాలుగోసారి కరెంటు పోయింది. ఇటు శక్తినగర్, అటు యరమరస్, రెండు ప్లాంట్ల మధ్య కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నాం.

విజయకుమార్ దుకాణం నుంచి వచ్చి, ఏంది అమ్మా, మామయ్యను మూడుసార్లు కొట్టినవని గంజిల హమాలీలకు కూడా తెలుసు, ఎవరు చెప్పిన్రు అన్నాడు. కంది నమూనా చూడటానికి వెళ్ళినప్పుడు మాట వరసకు ఒకరిద్దరితో అన్నాను. ఒకరిద్దరితోనే.

మధ్యాహ్నం పిన్ గురించి చదివాను. వెనక పెద్ద పావు ఉన్నప్పుడు ముందున్న పావు కదలడానికి వీల్లేదు. చదువుతుంటే పోయిన ఆదివారం ఆట గుర్తొచ్చింది. బోర్డు మీద మళ్ళీ పేర్చాను. నా గుర్రం అలాగే ఇరుక్కుని ఉంది. ఆయన ఒక్క బంటు తోస్తే అది పోయేది. తోయలేదు. నా కంట్లో పడటానికి నెల రోజుల చదువు చాలింది. ఆయనకు కనపడలేదా? బాయిలర్ మీటరు ముల్లు వెంట్రుకవాసి జరిగితే పట్టుకోవడం ఆయన ఉద్యోగం.

ఒక అనుమానం వచ్చింది. అనుమానంతో ఎవరినీ నిందించకూడదు. పరీక్ష పెట్టాలి.

12 మే, ఆదివారం

పరీక్ష పెట్టాను. ఆట మంచి పట్టులో ఉండగా నా మంత్రిని తీసుకెళ్ళి ఆయన గుర్రానికి అందే గడిలో పెట్టాను. కాపలా లేదు. మేఘ నోరు తెరిచింది. నేను చూసిన చూపుకి మూసుకుంది.

జయరామయ్యగారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. బోర్డు చివరనున్న బంటును ఒక గడి జరిపారు.

ఆట గెలిచాను. అన్నయ్యగారూ, కాఫీ తాగుతారా అని అడిగాను.

13 మే

రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఓడిపోయినందుకైతే బాధ ఉండేది కాదు. నాకు ఆట వచ్చిందో రాలేదో తెలియకుండా పోయింది. నెల రోజులు చదివాను. ఎక్కడున్నానో చెప్పే మనిషి ఒక్కడు ఉన్నాడు. ఆయన చెప్పడు.

మీ నాన్న కావాలనే ఓడిపోతున్నారా అని అహల్యను పిలిచి అడిగాను. పవిట కొంగు సర్దుకుని, పిల్లనిచ్చినవాళ్ళం కదా అత్తయ్యా, మగపెళ్ళివారి తల్లిని ఓడిస్తే ఏం బాగుంటుందని అమ్మే చెప్పి పంపిస్తుంది, మా ఊరు పోతనాళలో అందరూ అంతే అంది. పెళ్లయి పదహారేళ్లు. మేఘ తొమ్మిదో తరగతి పాసైంది. ఇంకా మగపెళ్ళివారమట.

అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. తండ్రి అంతే అయితే కూతురు? ఈ పదహారేళ్లలో అహల్య నా మాటకు ఎదురు చెప్పిన రోజు ఒక్కటి గుర్తు రాలేదు. నేను చేసే దాంట్లో నీకు నచ్చనిది ఒకటి చెప్పు అన్నాను. ఏమీ లేదంది. చెప్పేదాకా వంటింట్లోంచి కదలనియ్యనని గుమ్మంలో నిలబడ్డాను.

మీ పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువ అత్తయ్యా అంది.

ఎప్పటినుంచి అన్నాను. మొదటినుంచి అంది.

ఇద్దరం చాలాసేపు నవ్వాం. మధ్యాహ్నం ఉప్పు తగ్గించి చేశాను. బాగానే ఉంది. ఒప్పుకోక తప్పదు.

16 మే

ఆయనను బతిమాలితే లాభం లేదు. సరేనండీ అంటారు, మళ్ళీ ఓడిపోతారు. మర్యాదను మాటతో గెలవలేం. నియమంతో గెలవాలి.

నియమం దొరికింది. మేఘకు చెప్తే నవ్వలేక నేల మీద దొర్లింది.

19 మే, ఆదివారం

ఆట మొదలుకాకముందే చెప్పాను. ఈరోజు ఒక కొత్త నియమం. నేను కావాలనుకున్నప్పుడు, ఎన్నిసార్లైనా, బోర్డు తిప్పవచ్చు. తిప్పితే ఆయన పావులు నావి, నా పావులు ఆయనవి. ఆయన నవ్వి, మీ ఇష్టమండీ అన్నారు. లెక్క వేయలేదు పాపం.

కాసేపటికి ఏనుగును నా ఒంటెకు అందేలా వదిలారు. తీసుకున్నాను. తీసుకుని బోర్డు తిప్పాను. ఇప్పుడు ఏనుగు లేని పక్షం నాది, ఆధిక్యం ఆయనది.

కళ్ళజోడు తుడుచుకున్నారు. ఈసారి మంత్రినే నా గుర్రం ముందు పెట్టారు. తీసుకున్నాను. తిప్పాను.

ఆయన బోర్డు వంక, నా వంక, గోడ గడియారం వంక చూశారు. ఏమండీ ఇది అన్నారు. మీరెంత ఓడిపోవాలని చూస్తే అంత గెలుస్తరు అన్నయ్యగారూ, మీ ఇష్టం అన్నాను. విజయకుమార్ భోజనం పెట్టమని రెండుసార్లు కేకేసి, ఎవరూ పలక్కపోయేసరికి తనే వచ్చి నిలబడ్డాడు. మామయ్యా, మా అమ్మతోని పెట్టుకున్నరు, అయిపోయిన్రు అన్నాడు.

మూడోసారి తిప్పాను. నాలుగోసారి తిప్పాను. చివరికి నాకు రాజు, ఒక బంటు మిగిలాయి. ఆయనకు రాజు, ఒక ఏనుగు. ఆ ఏనుగును కూడా నా రాజు పక్కన పెట్టి వదిలేయబోయారు. నేను బోర్డు అంచు పట్టుకున్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

అప్పుడు అహల్య గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. నాన్నా, ఆడు, నేను ఉప్పు సంగతి చెప్పేశాను, ఇల్లేం కూలిపోలేదు అంది.

జయరామయ్యగారు నవ్వడం మొదలుపెట్టారు. ఈయన ఇంత పెద్దగా నవ్వుతారని మాకు ఎవరికీ తెలియదు. కళ్ళు తుడుచుకుంటూ, ఇంత కష్టపడి ఓడేకంటే ఉన్నదున్నట్టు ఆడటమే సులువండీ చెల్లెమ్మగారూ, వచ్చే ఆదివారం చూసుకుందాం అన్నారు. ఏనుగుతో నా రాజును మూలకు తోసి మాత్ చేశారు. ఈ ఆట లెక్కలోకి రాదు. కానీ ఆ చెయ్యి ఎంత చురుగ్గా ఉందో చూశాను.

పచ్చిపులుసు రెండుసార్లు వేయించుకున్నారు.

22 మే

కాస్లింగ్ ఆలస్యం చేయకూడదు. రాజుకూ ఏనుగుకూ మధ్య దారి ఖాళీగా ఉండాలి. పొద్దున టాక్టిక్స్ రెండు గంటలు చేశాను. ఆదివారం భయంగా ఉంది. బి.ఎస్సీ. చివరి పరీక్ష తర్వాత ఈ భయం మళ్ళీ ఇప్పుడే. బాగుంది.

26 మే, ఆదివారం

ఈరోజు వేరే మనిషి వచ్చి కూర్చున్నట్టుంది. బాగుందండీ లేదు, నవ్వు లేదు. కంట్రోల్ రూములో ఇలాగే కూర్చునేవారేమో. కళ్ళజోడు ఒక్కసారి కూడా తీయలేదు.

ఇటాలియన్ మొదలుపెట్టాను. బంటు, గుర్రం, ఒంటె. కాస్లింగ్ సమయానికి చేశాను. ఒకచోట నా గుర్రాన్ని మధ్య గడికి దూకించాను. ఆయన చాలాసేపు కదలకుండా ఆలోచించారు. నా ఎత్తు ఒక మనిషిని అంతసేపు ఆలోచింపజేసింది. ఆ కాసేపూ నాకు ఎండ తెలియలేదు.

తర్వాత ఆయన తన ఒంటెను తీసుకొచ్చి నా రాజు ముందున్న బంటు మీద పడేశారు. బంటుకు ఒంటె. మళ్ళీ పాత బుద్ధే అని కోపం వచ్చి బోర్డు అంచు పట్టుకున్నాను. ఆ నియమం అయిపోయిందని మేఘ నా చెయ్యి విడిపించింది. అవ్వా, అది ఇచ్చుడు కాదు, శాక్రిఫైస్, జర చూడు అంది.

ఒంటెను తీసుకున్నాను. గుర్రం వచ్చింది. దాని వెనక మంత్రి వచ్చింది. నా రాజు చుట్టూ ఉన్న గడులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. పుస్తకంలో బొమ్మగా చూసింది నా ఇంట్లో, నా రాజుకు జరుగుతోంది. ఎంత అందంగా ఉందో. పారిపోవడానికి దారి వెతకడం మరిచిపోయి చూస్తూ కూర్చున్నాను.

మాత్ అండీ అన్నారు.

ఏమనుకోకండి అనలేదు. అనివుంటే నేను క్షమించేదాన్ని కాదు. పావులన్నీ వెనక్కి పేర్చి, మంత్రిని అటువైపు తీసుకెళ్ళడం తప్పండీ, అక్కడే పోయింది ఆట అని చూపించారు. తర్వాత, గుర్రాన్ని మధ్యకు దూకించారు చూడండి, అది మాత్రం మంచి ఎత్తు, నాకు చెమట పట్టింది అన్నారు.

ఇన్నాళ్ళూ ఆయన చెప్పిన బాగుందండీలన్నీ ఒక పక్కన పెడితే, ఈ ఒక్క మాట బరువు ఎక్కువ. నమ్మవచ్చు. ఓడించిన మనిషి చెప్పిన మాట.

నాకు ఆట వచ్చు. కొంచెం. ఎంత కొంచెమో కూడా తెలిసింది.

రాత్రి విజయకుమార్ నా గదిలోకి వచ్చి, అమ్మా, బాధపడుతున్నవా అని మెల్లగా అడిగాడు. పక్కకు జరుగు, దీపానికి అడ్డం వస్తున్నవు అన్నాను. ఆ ఒంటె ఎత్తు నుంచి మళ్ళీ పేరుస్తున్నాను.

29 మే, బుధవారం

ఆదివారం దాకా ఆగలేకపోయాను. మగపెళ్ళివారి తల్లి పిలుపు లేకుండా, కారు లేకుండా, సిటీ బస్సులో యరమరస్ వెళ్ళింది. వియ్యపురాలు గుమ్మంలో కంగారుపడి ఇంట్లో స్వీటు కూడా లేదంది. అక్కర్లేదన్నాను.

ఇన్నాళ్ళూ మొదటి ఎత్తు ఉండే తెల్ల పావులు నాకే ఇచ్చేవారు. ఈరోజు జయరామయ్యగారు కుర్చీ లాక్కుని తెల్లవి తన వైపు పెట్టుకున్నారు.