పెదవుల చుట్టూ తిమ్మిరి

ఆస్పత్రి, డాక్టర్ల గది
మంగళవారం, పదకొండో తేదీ

ప్రియమైన అక్కకి,

నీ చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నేనూ కులాసాయే అని రాయబోయి ఆగిపోయాను. మూడు రోజులుగా తిండి సయించడం లేదు.

శనివారం పొద్దున ఒక దర్జీ ఆవిడ వచ్చింది. మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముకకి ప్లేటు వెయ్యాలి. పూర్తిగా నిద్రపుచ్చొద్దు తల్లీ, మళ్లీ లేస్తానో లేవనో అని బతిమాలింది. సరే, చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా చేస్తానన్నాను. నీ పన్ను పీకే ముందు చిగురుకి ఇచ్చారే, ఆ జాతి మందే.

అదెలా పనిచేస్తుందని అడిగింది. నరం పొడవునా కంటికి కనిపించని తలుపులుంటాయి, వాటిలోంచి సోడియం లోపలికి దూకితేనే నొప్పి కబురు మెదడుకి చేరుతుంది, ఈ మందు ఆ తలుపులకి అడ్డం పడి కూర్చుంటుంది అని చెప్పాను. అయితే నా చేతికి టపా బందన్నమాట అంది.

చంకలో సూది దించి, రక్తనాళంలోకి పోలేదు కదా అని పిస్టన్ వెనక్కి లాగి చూసుకుని, కొంచెం కొంచెంగా మందు ఎక్కించాను. ముందు నొప్పీ చల్లదనమూ పోయాయి, తర్వాత స్పర్శ పోయింది, చివరికి వేళ్లు కదలడం మానేశాయి. ఎవరిదో చెయ్యి తెచ్చి నా పక్కలో పడుకోబెట్టారేమిటి అని నవ్వింది. నా కోటు కాలరు చూసి, ఎవరు కుట్టారమ్మా ఇంత అన్యాయంగా, చెయ్యి బాగవనీ విప్పి కుడతానంది. మాట్లాడిస్తూ ఉండడం కూడా మా పనే అక్కా. మందు రక్తంలో ఎక్కువైతే ముందు మాటలోనే తెలుస్తుంది.

తెలిసింది. పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతోందంది. ఇనప మేకు చప్పరించినట్టుందంది. చెవిలో ఏదో మోగుతోంది అనబోయి మాట ముద్దయిపోయింది. ఒళ్లంతా కొయ్యబారి మూర్ఛ వచ్చేసింది. చేతి తలుపులు మూయాల్సిన మందు మెదడు తలుపుల దాకా పోయిందన్నమాట. తర్వాత మూసేది గుండె తలుపులనే. మానిటర్ తెర మీద గుండె వేగం తగ్గుతూ వచ్చింది. నర్సమ్మని కేకేశాను, ఆ గొంతు నాది కాదనిపించింది. ఆక్సిజన్ పెట్టి, మూర్ఛకి మందిచ్చి, పాలలా తెల్లగా ఉండే కొవ్వు ద్రావణం రక్తనాళంలోకి ఎక్కించాం. రక్తంలోని మందుని అది తనలోకి లాక్కుంటుంది. పదకొండు నిమిషాలు. నర్సమ్మ లెక్కపెట్టింది, నాకు ఏడాదిలా గడిచింది. గుండె మెల్లగా దారికొచ్చింది.

ఆవిడ కళ్లు తెరిచి, అయిపోయిందా అని అడిగింది. ఇంకా మొదలే పెట్టలేదమ్మా అన్నాను. ఆపరేషను వాయిదా వేశాం. ఇప్పుడు లేచి కూర్చుంటోంది, వేళ్లూ కదుపుతోంది. మోతాదు సరిగ్గానే ఉంది, కొందరి ఒంటికి పడదంతే అని సర్జన్ గారు ఆవిడ భర్తకి చెప్పారు. నేను పక్కనే నిలబడి తలూపాను.

బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. మోతాదు సరిగ్గా లేదక్కా. ఈ మందు మనిషి బరువుని బట్టి ఇవ్వాలి. ఆ రోజు ఆవిడ రెండు దుప్పట్లు కప్పుకుని స్ట్రెచర్ మీద ఉంది. లేపి తూచడానికి బద్ధకించి, చూపుతోనే అంచనా కట్టి యాభై ఎనిమిది కిలోలని రాసేశాను. నిన్న తూచాను. ముప్పై తొమ్మిది. సర్జన్ గారికి నా కాగితమే ఆధారం. ఇందాక ఆయనకి చెప్పేశాను, తర్వాత ఆవిడ మంచం దగ్గర కూర్చుని ఆవిడకీ చెప్పాను. విని, ఇది మా ఆయనకి నువ్వే చెప్పు, నా వల్ల కాదంది. ఆయన నాలుగింటికి వస్తాడు. ఇప్పుడు మూడున్నరయింది.