అమ్మ పేరు మీద రెండు గదులు

1946 వైశాఖం, శుక్రవారం

ఇవాళ అమ్మ పేరు మీద రెండు గదులు తెరిచాం. నోట్లో పుండు పడిన ఆడవాళ్లకి మంచం, గంజి, వారానికోసారి డాక్టరు, అంతా ఉచితం. ఊరంతా అన్నయ్యకి దండలు వేసింది.

అమ్మ పోయి ఏడాదైనా కాలేదు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం వల్లే అంగిట్లో రాచపుండు లేచిందని డాక్టరు మా ఇద్దరికీ చెప్పాడు. అన్నయ్య మా చుట్టల కొట్టు మాత్రం మూయలేదు. పైగా, శుభకార్యానికి వచ్చినవాళ్లని వట్టి చేతులతో పంపకూడదని ఇవాళ తాంబూలంలో తలా ఒక చుట్టల కట్ట పెట్టించాడు!

కళింగపట్నం నుంచి వచ్చిన ముసలమ్మ నోట్లో పుండు చూసి, మొదటి మంచం ఆవిడకే ఇమ్మన్నాడు డాక్టరు. ఆవిడ తన కట్ట వాసన చూసి నన్నడిగింది.

"మీయమ్మ తాగినవి ఇవేనేటి బాబూ?"

"ఇవే," అన్నాను.

"మా తల్లే! పోయినా మాకు పెడతన్నాది," అని అమ్మ ఫోటోకి దండం పెట్టింది.

దారంతా అన్నయ్యని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. కానీ అంతకుముందు ఆవిడ ఆ గదుల గుమ్మంలోనే కూర్చుని నిప్పు అడిగితే, అగ్గిపుల్ల గీసి ఇచ్చింది నేనే.